మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ: ఒకే ట్యాగ్ చాలా, రెండు కావాలా? మా బోర్డులో తేల్చిన కేసు

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ రెండూ డేటాబేస్ సర్వర్లు, రెండోది మొదటిదాని కోడ్ నుంచే పుట్టింది. మా ఆఫీసులో లోపలి వాళ్ళ కోసం ఒక ప్రశ్నలు-జవాబుల బోర్డు ఉంది, స్టాక్ ఓవర్‌ఫ్లో లాంటిదే, ప్రశ్నకి ట్యాగులు పెట్టాలి, జవాబులకి ఓట్లు పడతాయి, అడిగినవాళ్ళు ఒక జవాబుకి టిక్ పెడతారు. అందులో డేటాబేస్ ట్యాగులు చూసుకునే పని నాది. ఎవరైనా ట్యాగ్ బాక్సులో మరియాడీబీ అని కొడితే బోర్డు దాన్ని దానంతట అదే మైఎస్‌క్యూఎల్ అని మార్చేసేది, ఎందుకంటే ఎప్పుడో ఒకదాన్ని ఇంకోదానికి సినానిమ్‌గా, అంటే అదే ట్యాగ్‌కి రెండో పేరుగా, పెట్టారు. అది తీసేయాలా ఉంచాలా అన్నదే ఈ కేసు. చిన్న విషయంలా కనపడుతుంది గానీ ప్రశ్న ఎవరి కంట పడుతుందో, వెతికినప్పుడు ఏ పాత జవాబు పైకొస్తుందో, ఏది ఏదానికి డూప్లికేట్ అని మూసేస్తారో అన్నీ ట్యాగ్ మీదే నడుస్తాయి, కాబట్టి మేం దీని మీద బాగానే టైమ్ పెట్టాం, ఇలాంటి పని చేసేవాళ్ళకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నా.

విషయం బయటపడింది ఒక జేసన్ ప్రశ్నతో. ఒక టీమ్ వాళ్ళు కస్టమర్ అడ్రస్ అంతా జేసన్ (పేరు-విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) కాలమ్‌లో పెట్టుకున్నారు, అందులోంచి ఊరి పేరు ఒక్కటే తీయాలి, బోర్డులో వెతికితే టిక్ పడ్డ పాత జవాబు దొరికింది, కాలమ్ పేరు రాసి పక్కన -> అనే బాణం గుర్తు పెట్టి పాత్ ఇవ్వమని. కాపీ చేసి రన్ చేస్తే సింటాక్స్ ఎర్రర్. వాళ్ళు ఆ జవాబుకి డౌన్‌వోట్ కొట్టి "పని చేయట్లేదు" అని కామెంట్ పెట్టారు, రాసినాయన వచ్చి "నా దగ్గర ఇప్పుడే రన్ చేశా, బానే వస్తోంది" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ బాణం మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి ఉంది, వీళ్ళ సర్వర్ మరియాడీబీ, అక్కడ అది లేదు, జేసన్_ఎక్స్‌ట్రాక్ట్ ఫంక్షన్ అయితే రెండిట్లోనూ నడుస్తుంది. వాళ్ళు పేస్ట్ చేసిన ఎర్రర్‌లోనే "మీ మరియాడీబీ సర్వర్ వెర్షన్‌కి తగ్గ మాన్యువల్ చూసుకోండి" అని రాసి ఉంది, ఎవరూ ఆ లైన్ చదవలేదు, పైన ట్యాగ్ మైఎస్‌క్యూఎల్ అని ఉంటే చదవాలని ఎవరికి తోస్తుంది చెప్పండి.

పాత నిర్ణయం ఎందుకు తీసుకున్నారు

సినానిమ్ పెట్టినవాళ్ళది తెలివితక్కువతనం అని ఎవరూ అనుకోకూడదు, అప్పటికి అది సరైన పనే. మైఎస్‌క్యూఎల్ 1995 లో మొదలైంది, 2008 లో సన్ కంపెనీ కొనేసింది, 2010 కి సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్ళింది. ఆ కొనుగోలు నడుస్తుండగానే 2009 లో, మైఎస్‌క్యూఎల్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన మాంటీ విడెనియస్ అదే కోడ్ తీసుకుని మరియాడీబీ మొదలుపెట్టాడు. మొదట్లో వెర్షన్ నంబర్లు కూడా కలిసే నడిచాయి, 5.1, 5.5 ఇలా. మైఎస్‌క్యూఎల్ 5.5 తీసేసి మరియాడీబీ 5.5 పెడితే పైనున్న అప్లికేషన్‌కి తేడా తెలిసేది కాదు, అదే 3306 పోర్ట్, అదే కాన్ఫిగ్ ఫైల్, అదే క్లయింట్ కమాండ్, అవే కనెక్టర్లు. ఆ రోజుల్లో రెండు ట్యాగులు పెట్టి ఉంటే ఒకే జవాబు రెండు చోట్ల రాయాల్సొచ్చేది, వెతికేవాడికి సగమే దొరికేది.

5.5 తర్వాత మరియాడీబీ 2014 లో 10.0 గా వచ్చింది, మైఎస్‌క్యూఎల్ 5.6, 2015 లో 5.7, అక్కడి నుంచి 2018 లో నేరుగా 8.0 కి వెళ్ళింది. దారులు నిజంగా వేరైంది ఇక్కడ. అంటే కోడ్ విడిపోయిన సంవత్సరం వేరు, జవాబులు విడిపోయిన సంవత్సరం వేరు, మధ్యలో ఆరేడేళ్ళ తేడా ఉంది. ట్యాగ్‌కి సంబంధించింది రెండోదే.

వాదనలు

మా టీమ్‌లో రెండు పక్షాలయ్యాయి. ఒకళ్ళు "పుట్టింది ఒకే కోడ్ నుంచి కదా, ట్యాగ్ ఒకటే ఉండాలి" అని, ఇంకొకళ్ళు "ఇప్పుడు సంస్థలు వేరు, డాక్యుమెంటేషన్ వేరు, పేరు వేరు, ట్యాగ్ కూడా వేరుండాలి" అని. రెండు వాదనలూ నాకు సరిపోలేదు, ఎందుకంటే రెండిటికీ ఎదురు ఉదాహరణలు కళ్ళముందే ఉన్నాయి.

వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే యాంగ్యులర్‌జేఎస్, యాంగ్యులర్ రెండూ గూగుల్‌వే, పేరు కూడా దాదాపు అదే. 2016 సెప్టెంబర్‌లో వచ్చిన యాంగ్యులర్ 2 మాత్రం పూర్తిగా తిరగరాసింది, స్కోప్, కంట్రోలర్ అంటూ రాసిన పాత జవాబు కొత్తదాంట్లో అక్షరం పనికిరాదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఈ రెండూ వేరు ట్యాగులు, అలా ఉండాల్సిందే కూడా. (ఇక్కడ ఇంకో విషయం గమనించండి, మొదట కొత్తదానికి యాంగ్యులర్2 అని నంబర్‌తో ట్యాగ్ ఉండేది, 2017 మార్చిలో వెర్షన్ 4 వచ్చేసింది, ట్యాగ్‌లో నంబర్ తీసేసి ఉత్త యాంగ్యులర్ చేయాల్సొచ్చింది. ప్రధాన ట్యాగ్ పేరులో వెర్షన్ నంబర్ పెడితే ఎప్పటికైనా ఈ గతే.) అటువైపు చూస్తే పెర్కోనా సర్వర్, అది కూడా మైఎస్‌క్యూఎల్ కోడ్ మీద కట్టిన డేటాబేస్ సర్వరే. సంస్థ వేరు, పేరు వేరు, డౌన్‌లోడ్ చేసుకునే చోటు వేరు, కానీ వాళ్ళు మైఎస్‌క్యూఎల్ ప్రతి వెర్షన్‌నీ వెంబడే అనుసరిస్తారు, 8.0 మీద రాసిన జవాబు పెర్కోనా 8.0 మీద నడుస్తుంది. మా బోర్డులో దానికి వేరే ట్యాగ్ అవసరం ఎప్పుడూ రాలేదు. వాళ్ళ బ్యాకప్ టూల్ ఎక్స్‌ట్రాబ్యాకప్ మీద ప్రశ్నలొస్తాయి, దానికి టూల్ పేరుతో ట్యాగ్ ఉంది, అది వేరే సంగతి.

కాబట్టి పుట్టుక, యజమాని, పేరు ఇవన్నీ పక్కన పెట్టి నేను ఒక్కటే చూద్దామన్నా: ఒకదానికి రాసిన కరెక్ట్ జవాబు రెండోదాని మీద పెడితే ఏమవుతుంది? దీనికి ప్రశ్నలు చదివితే లాభం లేదు, ప్రశ్నలు రెండిట్లోనూ ఒకేలా ఉంటాయి, "క్వెరీ స్లోగా ఉంది", "పాస్‌వర్డ్ మర్చిపోయా". జవాబులు చదవాలి. పాత ప్రశ్నల్లోంచి ఒక పెద్ద కట్ట తీసుకుని, టిక్ పడ్డ జవాబులన్నీ రెండు సర్వర్ల మీదా రన్ చేసుకుంటూ మూడు కుప్పలు చేశాం.

మొదటి కుప్ప: రెండిట్లోనూ ఒకటే

అన్నిటికంటే పెద్దది ఇదే. జాయిన్లు, ఇండెక్సులు ఏ కాలమ్ మీద పెట్టాలి, డేట్ ఫార్మాట్లు, కనెక్షన్ రిఫ్యూజ్డ్, డంప్ (డేటాబేస్ మొత్తం రాసి పెట్టిన ఫైల్) తీసి ఎక్కించడం, డెడ్‌లాక్ లాగ్ ఎలా చదవాలి. ఇక్కడ విడదీయడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా నష్టం. ఇది చూపించి "చూశావా, ఒకటే ట్యాగ్ చాలు" అన్నారు మొదటి పక్షం వాళ్ళు. లెక్క ప్రకారం చూస్తే వాళ్ళ మాట నిజమే. కానీ ఎన్ని జవాబులు కలుస్తున్నాయన్నది ఒక్కటే చూస్తే చాలదు, కలవని చోట ఎంత దెబ్బ తగులుతుందో కూడా చూడాలి.

రెండో కుప్ప: ఒకచోట కరెక్ట్, ఇంకోచోట తప్పు

దీంట్లోనే అసలు సరుకు ఉంది, ఇందులోనూ రెండు రకాలు.

మొదటి రకం అరిచి చెప్పేవి. జేసన్ బాణం చెప్పాను కదా, అలాంటివే. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి తీసిన డంప్ మరియాడీబీలోకి ఎక్కించబోతే 1273 ఎర్రర్, 'యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ' అనే కొలేషన్ (అక్షరాల్ని పోల్చి వరస పెట్టే పద్ధతి) తెలియదని, అది 8.0 లో డీఫాల్ట్, మా సర్వర్లలో ఉన్న మరియాడీబీకి దాని పేరే తెలియదు. ఇన్సర్ట్ చేసి అదే స్టేట్‌మెంట్‌లో రిటర్నింగ్ అని ఐడీ వెనక్కి తెచ్చుకోవడం మరియాడీబీ 10.5 నుంచి ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో లేదు. వరస నంబర్లు ఇచ్చే క్రియేట్ సీక్వెన్స్ కూడా అంతే, 10.3 నుంచి అక్కడ మాత్రమే. క్వెరీ నిజంగా రన్ చేసి ఎక్కడ టైమ్ పోతోందో చూడటానికి మైఎస్‌క్యూఎల్‌లో 8.0.18 నుంచి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్, మరియాడీబీలో 10.1 నుంచి ఉత్త అనలైజ్. రెప్లికేషన్‌లో (ఒక సర్వర్ డేటాని ఇంకో సర్వర్‌కి కాపీ చేస్తూ ఉండటం) ప్రతి మార్పుకీ ఇచ్చే గుర్తింపు నంబర్‌ని జీటీఐడీ అని రెండూ అంటాయి గానీ మైఎస్‌క్యూఎల్ జీటీఐడీలో సర్వర్ యూయూఐడీ (సర్వర్ గుర్తింపు కోడ్), ట్రాన్సాక్షన్ నంబర్ ఉంటాయి, మరియాడీబీదాంట్లో డొమైన్, సర్వర్, సీక్వెన్స్ అని మూడు నంబర్లు, సెటప్ చేసే కమాండ్లే వేరు. ఇవన్నీ చికాకే గానీ ఎర్రర్ వస్తుంది కాబట్టి మనిషి ఆగుతాడు.

భయపెట్టేది రెండో రకం, ఏ చప్పుడూ చేయనివి. వరసల్ని గుంపులుగా చేసి లెక్కించే గ్రూప్ బై తీసుకోండి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి ఓన్లీ_ఫుల్_గ్రూప్_బై మోడ్ డీఫాల్ట్‌గా ఆన్, గ్రూప్‌లో లేని కాలమ్‌ని సెలెక్ట్‌లో పెడితే 1055 ఎర్రర్ కొట్టి ఆపేస్తుంది. మరియాడీబీలో డీఫాల్ట్‌గా ఆ మోడ్ లేదు, అదే క్వెరీ నవ్వుతూ నడిచి ఆ గ్రూపులో ఏదో ఒక వరస నుంచి విలువ తెచ్చి చేతిలో పెడుతుంది. ప్రతి కస్టమర్‌కీ చివరి ఆర్డర్ ఎంతో చూపించే రిపోర్ట్ అనుకోండి, తేదీ సరిగ్గానే వస్తుంది, పక్కన మొత్తం మాత్రం వేరే ఆర్డర్‌ది, చూసేవాడికి అనుమానం వచ్చే సందే లేదు. "ముందు సబ్‌క్వెరీలో ఆర్డర్ బై పెట్టి బయట గ్రూప్ బై చెయ్" అని పాత కాలం చిట్కా ఒకటి చాలా చోట్ల టిక్ పడి ఉంది, మరియాడీబీ అయితే లిమిట్ లేని సబ్‌క్వెరీలో ఆర్డర్ బైని పట్టించుకోదు, కాబట్టి ఆ చిట్కా నడిచినట్టే ఉంటుంది, ఫలితం తప్పు.

చెక్ కన్‌స్ట్రయింట్, అంటే కాలమ్‌లోకి ఏ విలువలు రావొచ్చో పెట్టే షరతు, ఇంకా మంచి ఉదాహరణ. మైఎస్‌క్యూఎల్ చాలా ఏళ్ళ పాటు టేబుల్ డెఫినిషన్‌లో చెక్ రాస్తే చదివి ఊరుకునేది, అమలు చేసేది కాదు, 8.0.16 నుంచి మాత్రమే అమలు చేస్తోంది. మరియాడీబీ 10.2 నుంచే అమలు చేస్తోంది. మా బోర్డులో "చెక్ పెట్టినా నెగటివ్ విలువ ఎక్కిపోతోంది" అన్న ప్రశ్నకి "మైఎస్‌క్యూఎల్‌లో అది పని చేయదు, ట్రిగ్గర్ రాసుకో" అని జవాబు ఉంది (ట్రిగ్గర్ అంటే డేటా మారినప్పుడు దానంతట అదే నడిచే కోడ్), రాసిన రోజున అది సరైన జవాబే. దాన్ని నమ్మి మరియాడీబీ మీద ఉన్నవాళ్ళు అవసరం లేని ట్రిగ్గర్లు రాసుకుంటూ పోయారు, అటు 5.7 మీద ఉన్నవాళ్ళు ఇంకెవరో "చెక్ పనిచేస్తుంది" అంటే నమ్మి రక్షణ ఉందనుకున్నారు.

ఈ కుప్పలోనే వెర్షన్ గొడవ కూడా కలిసి ఉందని ఇక్కడ అర్థమైంది. రూట్ పాస్‌వర్డ్ మార్చడానికి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని యూజర్ టేబుల్‌ని నేరుగా అప్‌డేట్ చేసే పాత జవాబు చూడండి. మైఎస్‌క్యూఎల్ 5.7 లో పాస్‌వర్డ్ అనే కాలమే పోయింది, 8.0 లో పాస్‌వర్డ్ అనే ఫంక్షనే పోయింది, మరియాడీబీ 10.4 లో ఆ యూజర్ టేబుల్ కాస్తా వ్యూ (వేరే టేబుల్‌లోని డేటాని చూపించేది) అయిపోయింది. మూడు చోట్లా చచ్చిపోయిన జవాబు, మూడు వేర్వేరు కారణాలతో. ఇలాంటిదానికి ట్యాగ్ విడదీయడం మందు కాదు, జవాబునే మార్చాలి, ఆల్టర్ యూజర్ అని రాస్తే ఇప్పటి వెర్షన్లన్నిట్లో నడుస్తుంది. వెర్షన్ కోసం మేం పైథాన్ పద్ధతి తీసుకున్నాం: స్టాక్ ఓవర్‌ఫ్లోలో పైథాన్ ప్రశ్న ఏదైనా పైథాన్ అనే ప్రధాన ట్యాగ్‌తోనే ఉండాలని చెప్తారు, 2.7, 3 లాంటివి అవసరమైతే జతగా వస్తాయి, ఎందుకంటే జవాబు చెప్పేవాళ్ళు ఒకళ్ళే, జవాబుల్లో చాలావరకు ఒకటే. మాకూ మైఎస్‌క్యూఎల్ 5.7, 8.0 మధ్య సంబంధం అలాంటిదే, జత ట్యాగ్ చాలు.

మూడో కుప్ప: ఏ సర్వరో తెలియదు

ఇది తేలకపోతే మిగతా కసరత్తంతా వృథా. అడిగేవాడికే తాను ఏది వాడుతున్నాడో తెలియకపోతే రెండు ట్యాగులు పెట్టి ఏం లాభం, తప్పు ట్యాగే పెడతాడు, ఇప్పుడు తప్పు ఇంకా గట్టిపడుతుంది. దీనికి కారణం వాడి అజాగ్రత్త అనలేం. 2015 లో ఎక్సాంప్ (సొంత కంప్యూటర్‌లో వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి ఇన్‌స్టాల్ చేసే) ప్యాకేజీలో మైఎస్‌క్యూఎల్ తీసేసి మరియాడీబీ పెట్టారు, కంట్రోల్ ప్యానెల్‌లో బటన్ పక్కన మాత్రం ఇప్పటికీ మైఎస్‌క్యూఎల్ అనే ఉంటుంది. మన దగ్గర బీటెక్, ఎంసీఏలో పీహెచ్‌పీ ప్రాజెక్ట్ చేసిన పిల్లల్లో చాలామంది ఎక్సాంప్ మీదే నేర్చుకుంటారు, వాళ్ళు రెజ్యూమేలో మైఎస్‌క్యూఎల్ అని రాస్తారు, నిజానికి చేయి తిరిగింది మరియాడీబీ మీద. సర్వర్ల వైపు చూస్తే లైనక్స్ రకాలైన రెడ్‌హ్యాట్ 7 (2014), డెబియన్ 9 (2017) రెండిట్లోనూ డీఫాల్ట్ మరియాడీబీ అయింది, కమాండ్ మాత్రం అదే మైఎస్‌క్యూఎల్. తెలిసేది ఎలా మరి?

తెలుసుకునే దారులు ఉన్నాయి, ఒక్క నిమిషం పని. సెలెక్ట్ వెర్షన్ అని రన్ చేస్తే మరియాడీబీ అయితే నంబర్ పక్కనే ఆ పేరు వస్తుంది. క్లయింట్‌లో ప్రాంప్టే పేరు చెప్తుంది. సింటాక్స్ ఎర్రర్ అయితే ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. కాబట్టి ప్రశ్న రాసే ఫారంలో ఈ రెండు ట్యాగుల్లో ఏది ఎంచుకున్నా సరే కింద ఒక పెట్టె తెరుచుకుని సెలెక్ట్ వెర్షన్ ఫలితం పేస్ట్ చేయమని అడిగేలా చేయించాం, ట్యాగ్‌కీ దానికీ పొంతన లేకపోతే పోస్ట్ చేసేముందే చెప్తుంది. నా లెక్కలో ఈ కేసు మొత్తంలో ఎక్కువ ఉపయోగపడిన పని ఇదే, ట్యాగ్ విడదీయడం కంటే కూడా.

ఆపిన అభ్యంతరం

అంతా సిద్ధం చేశాక మా సీనియర్ డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునే) అన్న ఒప్పుకోలేదు. "తమ్ముడూ, నేను మైఎస్‌క్యూఎల్ ట్యాగ్ ఫాలో అవుతా, పొద్దున్నే కొత్త ప్రశ్నలు చూస్తా, రేపట్నుంచి మరియాడీబీవి నాకు కనపడవు, అటువైపు చూసేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? ప్రశ్న అలా పడి ఉంటది" అన్నాడు. నూటికి నూరుపాళ్ళు నిజం. కొత్త ట్యాగ్‌కి చూసేవాళ్ళు లేకపోతే అది చీకటి గది. పైగా మా బోర్డులో ట్యాగ్‌లో మంచి స్కోర్ ఉన్నవాళ్ళే డూప్లికేట్ అని ఒక్కళ్ళే మూసేయగలరు (స్టాక్ ఓవర్‌ఫ్లోలో గోల్డ్ బ్యాడ్జ్ వాళ్ళకి ఉన్న అధికారమే ఇది), కొత్త ట్యాగ్‌లో ఎవరికీ స్కోర్ ఉండదు.

అందుకే విడదీసిన రోజునే మైఎస్‌క్యూఎల్ ఫాలో అయ్యేవాళ్ళందరినీ మరియాడీబీకి కూడా చేర్చేశాం, వద్దనుకున్నవాళ్ళు తీసేసుకుంటారు. రెండిట్లోనూ నడవాల్సిన కోడ్ గురించి అడిగితే రెండు ట్యాగులూ పెట్టొచ్చు. ఉత్త క్వెరీ ప్రశ్న అయితే ఎస్‌క్యూఎల్ ట్యాగ్, పక్కన తాను నిజంగా వాడే సర్వర్ ట్యాగ్. అన్న దీనికి ఒప్పుకున్నాడు, ట్యాగ్ వివరణ కూడా ఆయనే రాసిపెట్టాడు.

పాత ప్రశ్నల సంగతి కొంచెం బాధ పెట్టింది. సినానిమ్ ఉన్నన్నాళ్ళూ అడిగినవాళ్ళు మరియాడీబీ అని కొట్టినా బోర్డు మైఎస్‌క్యూఎల్‌గానే దాచింది, వాళ్ళు కొట్టిన అసలు మాట ఎక్కడా మిగల్లేదు. అందుకే ఇలాంటి పని చేసేవాళ్ళకి గట్టిగా చెప్తున్నా, అనుమానం ఉన్నప్పుడు రెండు ట్యాగులూ ఉండనిచ్చి తర్వాత కలపండి. విడిగా ఉన్నవాటిని ఎప్పుడైనా కలపొచ్చు, కలిపేశాక ఎవరిది ఏదో విడదీయడం దాదాపు అసాధ్యం. మాకు మిగిలిన ఆధారం ప్రశ్నలో ఉన్న ఎర్రర్ మెసేజ్, ప్రాంప్ట్, వెర్షన్ నంబర్ 10 తో మొదలవడం, అంతే. ఈ ఆధారాలు ఉన్నవాటికే ట్యాగ్ మార్చాం, మిగతావి ముట్టుకోలేదు. అదీ రోజుకి కొన్ని చొప్పున, ఎందుకంటే ఎడిట్ చేసిన ప్రతి ప్రశ్నా మొదటి పేజీకి ఎగబాకుతుంది, ఒకేసారి చేస్తే ఆ రోజు అడిగిన కొత్త ప్రశ్నలు కిందికి పోతాయి. చప్పుడు చేయని రకం జవాబులు, గ్రూప్ బై, చెక్ లాంటివి, వాటిని మాత్రం వరసపెట్టి మేమే తెరిచి ఏ సర్వర్‌లో ఏ వెర్షన్ నుంచి ఎలా ఉంటుందో పైనే రాశాం.

ఇప్పుడు "ఇది ఏ సర్వర్ అండీ" అని అడిగే కామెంట్లు బాగా తగ్గాయి. జేసన్ ప్రశ్నకి రెండు జవాబులు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో సర్వర్‌కి, డౌన్‌వోట్ వెనక్కి తీసుకున్నారు.

ఇదే కొలతతో ఇంకో రెండు వచ్చాయి. డేటాలో వెతకడానికి వాడే సర్వర్లు ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్ తేల్చడం తేలికైంది, 2021 లో లైసెన్స్ మార్పు మీద 7.10.2 నుంచి విడిపోయాయి, క్వెరీలు చాలావరకు ఒకటే అయినా ఎలాస్టిక్ క్లయింట్ లైబ్రరీ 7.14 నుంచి అవతల ఉన్నది తమ సర్వర్ కాదని తెలిస్తే కనెక్టే అవదు, అంటే మొదటి అడుగు నుంచే జవాబు వేరు, వేరు ట్యాగులు పెట్టేశాం. డేటాని మెమరీలో పెట్టుకుని వెంటనే ఇచ్చే సర్వర్లు రెడిస్, వాల్కీ సంగతి ఇంకా నలుగుతోంది. 2024 మార్చిలో రెడిస్ లైసెన్స్ మార్చాక 7.2.4 నుంచి వాల్కీ మొదలైంది, లైనక్స్ ఫౌండేషన్ కింద, మా వాళ్ళు అడిగే సెట్, గెట్, ఎక్స్‌పైర్, క్లస్టర్ ప్రశ్నల్లో జవాబులు ఇప్పటికీ ఒకటే. రెడిస్ 8 లో జేసన్, సెర్చ్ లాంటివి సర్వర్‌లోనే కలిపేశారు, వాల్కీలో వాటికి వేరే మాడ్యూల్స్ కావాలి, ఆ మూల నుంచి తేడా మొదలవుతుందని నా అంచనా. ప్రస్తుతానికి వాల్కీని సినానిమ్ చేయకుండా రెడిస్ పక్కన జత ట్యాగ్‌గా ఉంచాం, వెర్షన్ పెట్టె దీనికీ పెట్టించాం, జేసన్, సెర్చ్ ప్రశ్నలు కొన్ని పోగయ్యాక వాటి జవాబులు రెండు సర్వర్ల మీదా రన్ చేసి చూస్తాం.